వరుసలో నాలుగో మనిషి

జూలై 3
హాస్టలు, రెండో అంతస్తు

రైటర్ మామయ్యకి,

నీ మేనకోడలు క్షేమంగా చేరింది. గది ఇచ్చారు. కిటికీ ఉంది గానీ తలుపుకి గడియ లేదు. నేరశాస్త్రం చదవడానికి వచ్చినవాళ్ళకి గడియ లేని గది ఇచ్చారేమని వార్డెన్‌ని అడిగితే, "దొంగ వస్తే మీరే పట్టుకుంటారని" అంది. ఆవిడతో నాకు బాగా పడేట్టే ఉంది.

ఇక్కడ ఫోను ఒక్కటే, అది వార్డెన్ గదిలో ఉంది. దాని కోసం క్యూలో నిలబడేకంటే ఉత్తరం నయం. పైగా స్టేషన్‌కి ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ, సరే, పెట్టేయ్" తప్ప నాలుగో మాట మాట్లాడవు. ముప్పై ఏళ్ళు స్టేషన్ రైటర్‌గా కేసు కాగితాలు రాసిన చెయ్యి కదా, నోటికంటే అదే బాగా నడుస్తుంది.

క్లాసు సాయంత్రం ఆరింటికి. సగం మంది నాలాగా ఎస్సై పరీక్ష మీద ఆశతో వచ్చిన నిరుద్యోగులు. మిగతా సగం డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చేవాళ్ళు. నా పక్కన ఒక ట్రాఫిక్ కానిస్టేబులమ్మ కూర్చుంటుంది. వచ్చీ రాగానే బెంచీ కింద బూట్లు విప్పేస్తుంది, పాపం పాదాలు వాచిపోయి ఉంటాయి. జైలు వార్డరు ఒకాయన హాజరు పలికిన మరుక్షణం నిద్రలోకి జారుకుని సరిగ్గా బెల్లు కొట్టే ముందు లేస్తాడు. ఇంకో హెడ్ కానిస్టేబులు, మేం హెడ్డుగారంటాం, ప్రతి పాఠానికీ "ఇది స్టేషన్లో ఎక్కడ పనికొస్తుంది మేడం" అని అడుగుతాడు. మేడం ఎప్పుడూ యూనిఫాం వేసిన మనిషి కాదు. అందుకని వెనకాల ఆవిణ్ణి పుస్తకాల మేడం అంటారు. ఆవిడకి ఆ సంగతి తెలుసు.

అప్లికేషన్లో తండ్రి వృత్తి అన్న చోట ఎప్పటిలాగే అడ్డగీత పెట్టాను. పోయారా అని అడిగాడు గుమస్తా. ఊరొదిలి వెళ్ళిపోయాడని చెప్పి ఊరుకున్నాను. ఒక నర్సుని కత్తితో పొడిచి తప్పించుకున్న మనిషి కూతురు పోలీసు అవుతానంటోందని అతనికి చెప్తే మొహం ఎలా పెట్టేవాడో. అమ్మ ఉంటే ఆ అడ్డగీత చూసి కళ్ళు ఒత్తుకునేది. అమ్మ పోయి రెండేళ్ళయినా, మంచి సంగతి ఏదైనా జరిగితే ముందు తనకే చెప్పాలనిపిస్తుంది మామయ్యా.

ఇక అసలు పని. మొదటి ప్రాజెక్టు గుర్తింపు పరేడ్. నాకు ఎంత తెలుసో చూడు: అనుమానితుణ్ణి ఒక్కణ్ణే చూపించి వీడేనా అని అడక్కూడదు. అదే వయసు, అదే ఒడ్డూపొడుగూ ఉన్న సంబంధం లేని మనుషుల మధ్య నిలబెట్టి, సాక్షిని వచ్చి చూపించమనాలి. ఆ సంబంధం లేని మనుషుల్ని మీరు డమ్మీలంటారట. వాళ్ళని ఎవరు వెతుకుతారు, ఎలా వెతుకుతారు అన్నది నా వంతుకి వచ్చింది. పాత స్టేషన్లో ఏళ్ళ తరబడి ఆ పని చేసింది నువ్వే కదా. నాలుగు ముక్కలు రాసి పంపు, నీ పేరు చెప్పి మార్కులు కొట్టేస్తాను.

నీ ప్రశ్నలపుట్ట


జూలై 10
స్టేషన్, రికార్డు గది

ప్రశ్నలపుట్టకి,

ఉత్తరం అందింది. గడియ సంగతి నవ్వుతాలు కాదు. వడ్రంగిని పిలిపించి పెట్టించుకో, వార్డెన్ ఒప్పుకోకపోతే నేను రాస్తాను.

ఇక్కడ కొత్త ఎస్సైగారు వచ్చారు. మీసాలింకా సరిగ్గా రాలేదు గానీ కోపం మాత్రం వచ్చింది. పాత బీరువాలన్నీ బయట పెట్టించి రికార్డు సర్దమన్నారు. మూడు రోజులుగా దుమ్ములో కూర్చుని తుమ్ముతున్నాను. మోకాలు మళ్ళీ మొరాయిస్తోంది. రిటైర్‌మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలు. ఆ పైన నువ్వు ఎస్సైవైతే నీ స్టేషన్ గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్ళ అర్జీలు రాసిపెడతాను.

డమ్మీల గురించి రాయడానికేముందమ్మా. రోడ్డు మీద పోయేవాళ్ళని బతిమాలి తెస్తాం, నిలబెడతాం, పంపించేస్తాం. దాని మీద ఒక పేజీ కూడా నిండదు. వేలిముద్రల మీద రాసుకో, బొమ్మలు కూడా వేయొచ్చు, మేడం మెచ్చుకుంటుంది. మా రోజుల్లో వేలిముద్రల నిపుణుడు ఒకాయన ఉండేవాడు, పెళ్ళికి వెళ్ళినా భోజనం గ్లాసుల మీద ముద్రలు చూస్తూ కూర్చునేవాడు. ఆయన కబుర్లు కావాలంటే ఎన్నయినా రాస్తాను.

వేళకి తిను. పరిగెత్తడం మానకు, పరుగులో తప్పితే చదువంతా బూడిదలో పోసినట్టే.

మామయ్య


జూలై 19
హాస్టలు

మామయ్యా,

వేలిముద్రలు వేరేవాళ్ళు తన్నుకుపోయారు. నాకు డమ్మీలే మిగిలారు. ఇప్పుడు ఇస్తానన్నా వదలను, ఎందుకో విను.

పోయిన మంగళవారం పాఠం మధ్యలో ఒక మనిషి విసురుగా వచ్చి, మేడం సంచీ లాక్కుని వెళ్ళిపోయాడు. మేమంతా కొయ్యబారిపోయాం. అది మేడం ఆడించిన నాటకమేనని తర్వాత తెలిసింది. గురువారం ఆరుగురిని నిలబెట్టి చూపించమంది. నేను ముందుకెళ్ళి, ఇసుమంత అనుమానం లేకుండా, ఐదోవాణ్ణి చూపించాను. కళ్ళూ, చెంపలూ, ఆ నిలబడే తీరూ అన్నీ వాడివే. తీరా చూస్తే ఆ ఐదోవాడు లైబ్రరీలో పుస్తకాలు సర్దే మనిషట. అసలు దొంగ ఆ ఆరుగురిలోనే లేడు. హెడ్డుగారు, ట్రాఫిక్ అక్క, అందరం బోల్తాపడ్డాం. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నాయన మొహం చూడాల్సింది. ఆ రోజు మాత్రం జైలు వార్డరు కూడా నిద్రపోలేదు.

తర్వాత మేడం ఒక మాట అంది. ఒకసారి ఒకణ్ణి చూపించాక సాక్షి మనసులో అసలు మొహం చెరిగిపోయి, చూపించిన మొహమే నిలబడిపోతుందట. నిజమే మామయ్యా. ఇప్పటికీ ఆ సంచీ దొంగని తలుచుకుంటే నాకు లైబ్రరీ మనిషే కనిపిస్తున్నాడు. నిన్న పుస్తకం ఇస్తుంటే చెయ్యి వెనక్కి తీసుకున్నాను. పాపం, నా కోసం టీ తాగడం మానుకుని వచ్చి నిలబడిన మనిషి. అలా చూపించబడ్డ డమ్మీలు తర్వాత ఏమవుతారు, ఎవరైనా పట్టించుకుంటారా అని మేడం అడిగింది. నా ప్రాజెక్టు అదే.

ముగిసిపోయిన కేసుల పరేడ్ రికార్డులు చూడ్డానికి మేడం అనుమతి తెప్పించింది. ఏ స్టేషన్‌వో తెలుసా? మన పాత స్టేషన్‌వే. జాబితాలన్నీ నీ దస్తూరీ, ముత్యాల్లాంటి అక్షరాలు. చదువుతుంటే నువ్వు పక్కన కూర్చున్నట్టే ఉంది. అయితే మామయ్యా, పట్టుబడ్డావు. ఒక డమ్మీ విషయంలో నువ్వు చేసిన పని నాకు తెలిసిపోయింది. ఎవరూ చూడరనుకున్నావు గదూ? మేడంకి ఇంకా చెప్పలేదు. నీ వాంగ్మూలం విన్నాకే చెప్తాను. నిజం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తాను.

నీ ప్రశ్నలపుట్ట


జూలై 27

అమ్మా,

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నువ్వే కనిపెట్టావంటే ఇక దాచడానికి ఏమీ లేదు. నీకు నవ్వుతూ అడగాలనిపించినందుకు నీ మనసు ఎంత పెద్దదో అర్థమైంది. నాకు మాత్రం నవ్వడం చేతకాదు.

ఆ రోజు పదింటికి మేజిస్ట్రేటుగారు వస్తారు. నర్సుని పొడిచినవాడని మేం పట్టుకున్న మనిషిని రెండో చోట నిలబెట్టాలి. ముందురోజే ఐదుగురు డమ్మీలని మాట్లాడుకుని, జాబితా రాసి, పైవాళ్ళ సంతకం కూడా చేయించి ఉంచాను. తొమ్మిదిన్నరకి నలుగురే వచ్చారు. ఐదోవాడు, మగ్గం పనివాడు, రాలేదు. బయటికి పరిగెత్తాను. వర్షం, రోడ్డు మీద పురుగు లేదు. సరిగ్గా అప్పుడే మీ నాన్న సైకిల్ మీద నా క్యారేజీ పట్టుకుని వచ్చాడు. మీ అమ్మ పంపింది. అదే ఎత్తు, అదే వయసు. "పది నిమిషాలు నిలబడు బావా, నా పరువు నిలబెట్టు" అన్నాను. "ఇలా తడిసిన చొక్కాతోనేంట్రా" అని నవ్వుతూ లోపలికి వచ్చాడు.

పోలీసుల చుట్టాలని నిలబెట్టకూడదని నాకు తెలుసు. అందుకే జాబితా మార్చలేదు. నాలుగో చోట మగ్గం పనివాడి పేరే ఉంచి, ఆ పేరుతోనే సంతకం పెట్టమన్నాను. మీ నాన్న ఒక్క క్షణం నా వంక చూసి, పెట్టాడు.

ఆ నర్సు వచ్చి, వరుస చివరిదాకా నడిచి, వెనక్కి వచ్చి నాలుగో మనిషి భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి వేసి ఏడ్చింది. పట్టుకున్నవాణ్ణి వదిలేయాల్సి వచ్చింది. మేజిస్ట్రేటుగారి లెక్కలో ఆవిడ పొరబడి డమ్మీని చూపించింది, అంతే. కానీ పది రోజులకి ఆవిడ బజార్లో పనిముట్ల సంచీతో పోతున్న మీ నాన్నని చూసి కేక పెట్టి పడిపోయింది. వీడే అని అందరికీ చెప్పింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. ఊళ్ళో సగం మందికి సూదిమందు వేసిన చెయ్యి అది.

మీ నాన్న అందరికీ నిజమే చెప్పాడు. ఊరికే నిలబడ్డానన్నాడు. జాబితా చూపించమన్నారు. జాబితాలో బావ పేరు లేదు. అనుమానితుడిగా నిలబెట్టిన చెల్లెలి మొగుణ్ణి కాపాడుకోవడానికి రైటర్ కాగితాలు మార్చేశాడని, అందుకే కేసు లేకుండా తప్పించుకున్నాడని ఊరంతా అనుకున్నారు. ఇళ్ళకి వెళ్ళి కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి, ఏ ఇంటి గుమ్మం తొక్కనిస్తారు? మీ అమ్మ నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, నువ్వే నిలబెట్టావని ఆయన అంటున్నారు, నిజమేనా" అని అడిగింది. నిజమంటే నా ఉద్యోగం ఆ పూటే పోయేది, దొంగ సంతకానికి ఇద్దరం జైలుకి వెళ్ళేవాళ్ళం. "రికార్డులో బావ పేరు లేదమ్మా" అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. ఆ మర్నాటి నుంచి మీ అమ్మ ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆయన ఇంకో ఏడాది ఓపిక పట్టి వెళ్ళిపోయాడు.

నువ్వు వేసిన శిక్ష ఏదైనా సరే.

మామయ్య


ఆగస్టు 4

మామయ్యగారికి,

నేను కనిపెట్టింది ఇది కాదు. మీరు పాత స్టేషన్ ఎదుట టీ కొట్టు మనిషిని తొమ్మిది పరేడ్‌లలో డమ్మీగా నిలబెట్టారు. ఒకే పేరు తొమ్మిది జాబితాల్లో ఉంది. ఒక దాంట్లో వయసు ఇరవై ఆరు, అదే నెలలో ఇంకో దాంట్లో నలభై. అది చూసి పడీపడీ నవ్వుకుని, మిమ్మల్ని ఆటపట్టిద్దామని రాశాను. ఆ నర్సు కేసు కట్ట నేను విప్పనే లేదు. చూడలేక పక్కన పెట్టేశాను.

మీ ఉత్తరం ట్రాఫిక్ అక్క చదివి పెట్టింది. మొదటి పేజీ దాటాక నాకు అక్షరాలు కనిపించలేదు.

నాకు ఏడేళ్ళప్పుడు జరిగింది. ఇప్పుడు ఇరవై మూడు. ఈ పదహారేళ్ళలో నేను ఏం చేశానో వినండి. ఆయన నా పేరున రాసిన ఉత్తరాలు విప్పకుండానే పొయ్యిలో పెట్టాను. పదకొండో ఏట ఆయన స్కూలు గేటు దగ్గరికి వచ్చి కాపలావాడితో నన్ను పిలిపించారు. నేను గేటు దాకా వచ్చి, ఆయన మొహంలోకి చూసి, ఈయనెవరో నాకు తెలియదని చెప్పాను. కాపలావాడు కర్ర పట్టుకుని తరిమేశాడు. ఆయన చేతిలో కాగితం పొట్లం ఏదో ఉంది. ఇంటికి వచ్చి ఆ సంగతి గొప్పగా చెప్తే అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. మీరు కూడా అక్కడే కూర్చుని ఉన్నారు. నా తల నిమిరారు.

నేను పోలీసు అవ్వాలనుకున్నదే ఆయన వల్ల. అలాంటివాళ్ళని వదలకూడదని. ఎస్సై పరీక్ష అప్లికేషన్ నింపించింది మీరే.

నాకు రెండు సంగతులు కావాలి. ఒకటి, ఆయన ఎక్కడ ఉన్నారు. రెండు, అమ్మ పోయేముందు అయినా మీరు చెప్పారా. ఇంక నాకు ఏదైనా రాస్తే మొత్తం రాయండి. రికార్డులో పేరు లేదన్నట్టు సగం సగం రాసేట్టయితే అసలు రాయకండి.

మీ మేనకోడలు


ఆగస్టు 11

అమ్మా,

నన్ను మీరు అని రాశావు. పుట్టిన నాటి నుంచి నువ్వు నన్ను అలా పిలవలేదు. ఇంతకంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

మీ నాన్న అడ్రసు కింద రాశాను. నాకు మొదట్నుంచీ తెలుసు. ఏడాదికోసారి మనిషిని పంపి ఎలా ఉన్నాడో కనుక్కుంటూనే ఉన్నాను. ఒక్కడే ఉంటున్నాడు. కుట్టుమిషన్ల రిపేరు కొట్టు పెట్టుకున్నాడు.

రెండో సంగతి. చెప్పలేదు. ఆస్పత్రిలో చివరి వారం ఒక మధ్యాహ్నం, నువ్వు మందులకి కిందికి వెళ్ళినప్పుడు, చెల్లి నా చెయ్యి పట్టుకుని మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. "ఇప్పుడైనా చెప్పు అన్నయ్యా, ఇక నేనెవరికి చెప్తాను" అంది. నేను మళ్ళీ అదే మాట అన్నాను, రికార్డులో లేదని. అప్పటికి భయపడాల్సింది ఉద్యోగానికి కాదు. పద్నాలుగేళ్ళు తనని మోసం చేశానని తెలిసి నా వంక చూస్తుందే, ఆ చూపుకి భయపడ్డాను. చెల్లి మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ పైన మీ నాన్న ఊసెత్తలేదు. నేను పిరికివాణ్ణమ్మా. యూనిఫాం వేసుకున్న పిరికివాణ్ణి.

ఇప్పుడు ఏం చెయ్యమంటావో చెప్పు. పైవాళ్ళకి వాంగ్మూలం రాసివ్వమంటే ఇస్తాను. బావకి కూడా నేనే రాయాలనుంది. కొన్నాళ్ళు నీ ఉత్తరం కోసం చూస్తాను. రాకపోతే, మొత్తం రాయమన్న నీ మాటే చివరి మాట అనుకుంటాను.

మామయ్య అనిపించుకునే అర్హత లేకపోయినా, మామయ్య


ఆగస్టు 20

మామయ్యా,

మీరు అనడం నాకూ చేత కావడం లేదు. కోపం మాత్రం పోలేదు.

నీ ఉత్తరం అందిన రోజే బస్సెక్కాను. ఆ ఊళ్ళో రెండు రోజులున్నాను. తిరిగి వచ్చాక జ్వరం, ఇవాళే లేచి కూర్చున్నాను. పొద్దున్న స్టేషన్‌కి ఫోన్ చేస్తే నువ్వు మూడు రోజుల సెలవు పెట్టి ఎక్కడికో వెళ్ళావన్నారు. ఎక్కడికని అడిగితే తెలియదన్నారు. మోకాలికి చూపించుకోవడానికి వెళ్ళి ఉంటావనుకున్నాను.

నాన్న కొట్టు ఒక సందు చివర ఉంది. వెడల్పు ఒక మంచమంత. నేను వెళ్ళేసరికి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఒక మిషన్‌ని బోర్లా పడుకోబెట్టి నూనె వేస్తున్నారు. జుట్టంతా తెల్లబడిపోయింది. తలెత్తి, "మిషన్ ఏదమ్మా, తెచ్చారా, ఇంటికి రావాలా" అని అడిగారు. కూతుర్ని మీరు అన్నారు మామయ్యా. నేను మిషన్ లేదన్నాను. ఆయన నూనె డబ్బా కింద పెట్టి, ఇంకో మాట మాట్లాడమన్నట్టు చూశారు. "నాన్నా" అన్నాను. "గొంతు మీ అమ్మదే" అన్నారు. చేతులకి నూనె ఉందని నన్ను ముట్టుకోలేదు. గుడ్డ తీసుకుని తుడుచుకుంటూనే ఉన్నారు, ఎంతసేపటికీ ఆపలేదు.

స్కూలు గేటు సంగతి నేనే ఎత్తి కాళ్ళు పట్టుకోబోయాను. పట్టుకోనివ్వలేదు. చిన్నపిల్లవి, పెద్దవాళ్ళు చెప్పింది నమ్మావు, అన్నారు. నీ ఉత్తరం సంగతి చెప్పాను. పెద్దగా ఆశ్చర్యపోలేదు. "వాడు చిన్నప్పటి నుంచీ భయస్థుడు. ఆ సంతకం నేను పెట్టకుండా ఉండాల్సింది" అన్నారు. నీ మీద ఒక్క పరుషమైన మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

తర్వాత నాకోసం బయటి నుంచి టీ తెప్పించి, నేను తాగేదాకా ఊరుకుని అడిగారు. "మీ అమ్మకి తెలిసిందా? ఆఖర్లోనైనా?"

నీ ఉత్తరం నా సంచీలోనే ఉంది. గోడవైపు తిరిగిపోయిందన్న ముక్క నాకు కంఠతా వచ్చు. ఇలాంటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలని నెలన్నరగా క్లాసులో చెప్పించుకుంటున్నాను. నేను అబద్ధం చెప్పాను మామయ్యా. తెలిసిందన్నాను. ఆస్పత్రిలో నువ్వు అంతా చెప్పేశావని, అమ్మ ఏడ్చిందని, నాన్నని పిలిపించమందని, కబురు పంపేలోపే పోయిందని చెప్పాను. ఎక్కడా తడబడలేదు. మా హెడ్డుగారు వింటే మంచి సాక్షి అనేవారు.

నాన్న లేచి వెళ్ళి, పట్టపగలు కొట్టు షట్టరు సగం దించారు. అటు తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. మళ్ళీ ఇటు తిరిగి, "ఊరంతా ఏమనుకుంటే నాకేం. అది నమ్మిందా లేదా అన్నదొక్కటే నన్ను తినేసింది. పిలిపించమందా? నిజంగా ఆ మాట అందా?" అని మళ్ళీ అడిగారు. అందన్నాను. ఎన్ని మాటల్లో అందో చెప్పమన్నారు. చెప్పాను. ఆయన మొహం ఎంత తేటపడిందో నీకు ఎలా చెప్పను. సాయంత్రం నన్ను బస్సు దాకా దింపుతూ దారిలో కనిపించిన ప్రతివాళ్ళకీ మా అమ్మాయి అని చెప్పారు. వచ్చే నెల మొదట్లో కొట్టు మూసి వస్తారట. అమ్మ ఉన్న ఇల్లు చూడాలట, మంచి ఫోటో ఒకటి కావాలట.

అందుకని నువ్వు నాకు ఒక్క సాయం చెయ్యాలి. పైవాళ్ళకి వాంగ్మూలం ఇవ్వు, జాబితా సంగతి, సంతకం సంగతి అంతా రాయి. నాన్న పేరు కాగితం మీద కడిగేయి. అది నువ్వు చెయ్యాల్సిందే. కానీ అమ్మ సంగతి మాత్రం మనిద్దరి మధ్యే ఉండిపోవాలి. ఆయన వచ్చి నిన్ను అడిగితే, ఆస్పత్రిలో చెప్పాననే అను. నేను చెప్పిన మాటలు వేరే కాగితం మీద వరసగా రాసి ఇందులో పెట్టాను, పొల్లు పోకుండా అవే చెప్పు. అప్పటిదాకా నాన్నకి నువ్వు ఏమీ రాయకు. మొత్తం రాయమని కోపంలో అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నీ మీద కోపం ఎప్పటికి పోతుందో నాకు తెలియదు. ఇది చేస్తే కొంత పోతుంది.

నీ మేనకోడలు


ఆగస్టు 21

అమ్మా,

నీ దగ్గర్నుంచి పది రోజులుగా ఉత్తరం లేదు. రాయడానికి మనసొప్పలేదని అర్థమైంది. నీ మాట చెప్పేశావు కదా, ఇంకా నేను అడిగించుకోవడమేంటి అనిపించింది.

మూడు రోజులు సెలవు పెట్టి జిల్లా ఆఫీసుకి వెళ్ళాను. ఎస్పీగారి ముందు నిలబడి అంతా చెప్పి, వాంగ్మూలం నా దస్తూరీతోనే రాసిచ్చాను. ఆయన చదివి, "పదహారేళ్ళు ఏం చేశావయ్యా" అన్నారు. విచారణ వేస్తారట. ఉద్యోగం పోయినా పోవచ్చు. చిత్రంగా భయం వేయలేదు. ఆ నర్సు ఇప్పుడు లేదు. ఆవిడ పనిచేసిన ఆస్పత్రిలోనే కూతురు పనిచేస్తోందట, ఆమె దగ్గరికి కూడా వెళ్ళి చెప్తాను.

అక్కడి నుంచి నిన్న పొద్దున్న తిన్నగా పోస్టాఫీసుకి వెళ్ళాను. బావకి తొమ్మిది పేజీల ఉత్తరం, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. నువ్వు సగం రాయొద్దన్నావు కాబట్టి ఒక్క ముక్క దాచలేదు. మగ్గం పనివాడి పేరు దగ్గర్నుంచి ఆస్పత్రి దాకా రాశాను. చెల్లి ఆఖరి వారం నన్ను అడిగిందని, నేను చెప్పలేదని, బావ అబద్ధమాడాడనే అనుకుంటూ గోడవైపు తిరిగి ప్రాణం విడిచిందని, ఆ తప్పు నాదే గానీ దానిది కాదని రాశాను. ఆ ముక్క రాసేటప్పుడు రెండుసార్లు కలం పక్కన పెట్టేశాను. కానీ అది రాయకపోతే మళ్ళీ నేను పాత రైటర్‌నే అవుతాను కదా.

రేపో ఎల్లుండో బావ చేతికి అందుతుందని పోస్టుమాస్టరు చెప్పాడు. ఆయన సంతకం పెట్టి తీసుకున్నాక రసీదు నాకు వస్తుంది. ఈసారి సొంత పేరుతోనే పెడతాడు.

పదహారేళ్ళ తర్వాత మనసు తేలికపడింది, తల్లీ. నువ్వు నన్ను క్షమించమని అడగను. నువ్వు చెప్పినట్టే చేశానని మాత్రం తెలియజేద్దామని రాస్తున్నాను. మందులు వేసుకుంటున్నాను. నువ్వు వేళకి తిను.

మామయ్య